వేళ్లు చెక్క దాటొద్దు

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, ఇప్పుడు ఉద్యోగమూ వచ్చింది! ఆటసామాన్లు అమ్మే కంపెనీలో ఇంటర్వ్యూకి పెద్దేముల్ నుంచి ఆటోలో తాండూరు వచ్చి, రైలెక్కి పట్నం వెళ్లాను. సాయంత్రం దాకా కూర్చోబెట్టి, లోపలికి పిలిచి అడిగారు:

"పెద్ద బూట్లవాళ్లకు మంచుమీద జారే స్నోబోర్డు ఎలాంటిది ఇవ్వాలి?"

నేనైతే మంచే చూడలేదు. కానీ చిన్నప్పుడు బురదమడిని చదును చేయడానికి ఎడ్లు లాగే చెక్క మీద నన్ను నిలబెట్టి నాయిన అన్న మాట గుర్తొచ్చింది: "వేళ్లు చెక్క దాటొద్దు బిడ్డా, బురదల తట్టి బోర్ల పడ్తవ్."

"వెడల్పుది ఇవ్వాలండీ. బూటు మరీ బయటికొస్తే మంచుకు తట్టి పడిపోతారు" అన్నాను. అక్కడే ఖాయం చేశారు.

ఇంటికి రాగానే జరిగిందంతా చెప్తే నాయిన అడిగాడు: "డిగ్రీ జూసి ఇచ్చిండ్రా, చెక్క జూసి ఇచ్చిండ్రా?"

"రెండూ జూసిండ్రు నాయినా" అంటూ గడపలోనే కూర్చున్నాను. చదువు బడిలోనే మొదలైందనుకున్నాను ఇన్నాళ్లూ.