గరిటె కాడ వాత

“నువ్వు రేపు కోర్టుకు రావద్దవ్వా. నువ్వొస్తే నేను లోపలికే పోను.”

“పోకపో. నాకు కాళ్లున్నాయి, నేను పోతా.”

“నీకు తెల్దు. ఆ ఎద్దుకు వాత పెట్టింది నేనే అని నువ్వంటే నీ పేరు రాసుకుంటారు. కేసు నీ మీదికి తిరుగుతాది.”

“తిరగనీ. పెట్టింది నేను. ఆయప్ప కాల్చినాడని కాగితంలో రాసింది నువ్వు. దీంట్లో తప్పు యాడుందో సెప్పు.”

“మెల్లగా మాట్లాడవ్వా. బస్సులో అందరూ వింటాండారు.”

“ఇననీ. ఎమ్మిగనూరు దాంకా వాళ్లకు మాత్రం పొద్దు పోవద్దా?”

ముందు సీట్లో పూలగంప ఒళ్లో పెట్టుకున్న ఒకామె నిజంగానే వెనక్కి తిరిగింది. “ఎవురి ఎద్దక్కా?” అని అడిగింది. నా మనవరాలు ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

ఆదివారం సాయంత్రం ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు వచ్చే బస్సు అది. ఆ పిల్ల నా కూతురి కూతురు. ఆదోని కోర్టులో వకీలు. పశువుల కేసులు పట్టుకుంటుంది. బండ్లలో కుక్కి తోలుకుపోయే ఎద్దులు, బరువు మోయలేక పడిపోయిన గాడిదలు, జనం రాళ్లతో కొట్టిన కుక్కలు, వీటి తరఫున నిలబడుతుంది. అవి తిండి పెట్టే కేసులు కావని నేను ఎన్నిసార్లు తిట్టానో. వినదు. ఆ మొండితనం నా దగ్గర నుంచే వచ్చిందని దాని తల్లి అంటుంది.

మా మధ్య గొడవ తెచ్చింది ఆ రోజు ఆదోనిలో జరిగిన క్లాసు. చదువు ముగించి నల్లకోటు వేసుకున్న వకీళ్లను కూడా అప్పుడప్పుడు బెంచీల మీద కూర్చోబెట్టి పాఠాలు చెబుతారని నాకు అంతవరకు తెలియదు. ఈసారి పాఠం పశువుల చట్టం గురించి. నేను చదివింది మూడో తరగతి. నాకు ఆ చట్టంతో పని లేదు. హోటల్లో అన్నం దండగని జొన్నరొట్టెలు, వంకాయ కూర డబ్బాలో పెట్టుకుని దానితో పాటు బస్సెక్కాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి వెళ్లాను. లేకపోతే డబ్బా దాని చేతికే ఇచ్చి పంపేదాన్ని.

కోర్టు వెనక హాల్లో ఫ్యాన్ కింద వెనక బెంచీలో చోటు దొరికింది. పాఠం చెప్పిన ఆయన రిటైరైన పశువుల డాక్టరు. తెల్లటి తెర మీద బొమ్మలు చూపిస్తూ తాడు ఒరుసుకున్న పుండు ఎట్లా ఉంటుంది, కర్రతో కొట్టిన దెబ్బ ఎట్లా ఉంటుంది, జడ్జి ముందు ఏది ఎట్లా అడగాలి అని చెప్పాడు. నాకు తెలిసిన సంగతులే. ఆ ముక్క చెప్పడానికి కోటు, మైకు కావాలా అనుకున్నాను.

తర్వాత వకీళ్లు ఒక్కొక్కరు లేచి తమ దగ్గరున్న కేసు చెప్పాలన్నాడు. నా మనవరాలు లేచింది. దాని కేసు ఇది. మాధవరం దిక్కున ఒక పల్లెలో పొలం గుత్తకు తీసుకుని సేద్యం చేసే ఒక రైతు తన ఎద్దుల జతను ఊరికి చేర్చుకోవడానికి వేరేవాళ్ల లారీబండిలో ఎక్కించాడు. బండిలో అప్పటికే పశువులు కిక్కిరిసి ఉన్నాయి. పోలీసులు ఆపి అన్నింటినీ దించి ఆదోని బయట ఉన్న గోశాలకు పంపారు. రైతు తన జత తనకు ఇవ్వమని కోర్టులో అడుగుతున్నాడు. ఇవ్వకూడదని గోశాల తరఫున నా మనవరాలు వాదిస్తోంది. ఎందుకంటే ఒక ఎద్దు భుజం మీద కాల్చిన మచ్చలున్నాయి. “ఇంత క్రూరంగా కాల్చినవాడికి మళ్లీ ఎట్లా అప్పగిస్తాం?” అన్నది.

“ఆయన ఏమంటాడు?” అని డాక్టరు అడిగాడు.

“కుంటుతాంటే ఎమ్మిగనూరులో ఎవరో ముసలామె దగ్గర పెట్టించిన పాత వాతలు, అంటాడు సార్. ఆ ముసలామెను పిలుచుకరమ్మని అడిగినాం. సందులన్నీ తిరిగినాడంట, ఆమె యాడుందో తెలీదంట.”

హాలంతా నవ్వింది. తెర మీద ఎద్దు భుజం పడింది. గోడంత భుజం. దాని మీద రెండు గీతలు, వాటి కింద ఒక అరచుట్టు.

ఆ అరచుట్టు నాది.

ఎద్దు కుంటినా, కాడి మోసి మెడ వాచినా ఇనుము కాల్చి ఆ చోట తాకించడమే వాత. మిగతావాళ్లు కొడవలితో పెడతారు, వట్టి గీతలు పడతాయి. నా దగ్గర గిన్నె ఊడిపోయిన ఇనుప గరిటె ఉండేది. కాడ మాత్రం గట్టిది, కొసన మేకుకు తగిలించే కొక్కెం ఉంది. పారేయడానికి మనసొప్పక దాన్నే వాతకు పెట్టుకున్నాను. రెండు గీతలు గీసి చివర కొక్కెం ఆనిస్తే అరచుట్టు పడేది. అందుకే చుట్టుపక్కల పల్లెల్లో నన్ను గరిటె అవ్వ అనేవాళ్లు. ఆ పిల్ల హాస్టళ్లలో పెరిగింది, దానికి ఇవేవీ తెలియవు. అది పశువుల కేసులు పట్టుకున్నాక నేనే గరిటె కాడను పెట్టె అడుగున దాచాను. మూడేళ్లుగా ఎమ్మిగనూరు మగ్గాల సందులో ఇల్లు వదిలి, ఊరికి ఇంకో కొసన దాని దగ్గరే ఉంటున్నాను. ఆ రైతు ఎన్ని సందులు తిరిగితే మాత్రం నేనెట్లా దొరుకుతాను?

నేను రొట్టెల డబ్బా గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. డాక్టరు తెర దగ్గరికి నడిచి, “ఈ మచ్చ ఎన్నాళ్లదమ్మా?” అని అడిగాడు. “పట్టుకున్న రోజుకు వారం ముందుదని రాసినాం సార్,” అన్నది నా మనవరాలు. “ఎవరు చూసి చెప్పినారు?” అన్నాడు. అది కాగితాలు ముందుకూ వెనక్కూ తిరగేసింది, ఏ డాక్టరు పేరూ కనబడలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయన అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. “వాతతో నయమైందని రైతు నమ్ముతాడు. వాత పెట్టినాక పదైదు దినాలు కాడి కట్టొద్దంటారు గదా? ఆ పదైదు దినాలే మందు. కాల్చకుండా ఊరికే నిలిపినా ఆ కాలు బాగయ్యేదే,” అన్నాడు. అందరూ పుస్తకాల్లో రాసుకున్నారు. పదిహేను రోజులు కాడి కట్టొద్దని నేను ప్రతి రైతుకూ చెప్పాను. నా చేతి గుణం వల్లే ఎద్దులు లేచి నడిచాయని ఇన్నేళ్లూ అనుకున్నాను.

మధ్యాహ్నం కోర్టు వరండా మెట్ల మీద రొట్టె విప్పుతూ, ఆ వాత పెట్టింది నేనేనని దానికి చెప్పాను. నమలడం ఆపేసింది.

“తమాషా చేస్తాండావా అవ్వా?”

“నేనెప్పుడన్నా తమాషా చేసినానా?”

ఆ తర్వాత సాయంత్రం క్లాసు ముగిసేదాకా అది నా వైపు చూడలేదు. బస్సెక్కాక మొదలైంది గొడవ.

“వాళ్ల వకీలు ఆ ముసలామెను తేలేకపోయినాడు. అది వాళ్ల తప్పు, మనది కాదు,” అన్నది కిటికీలోంచి చూస్తూనే.

“తేకపోతే ముసల్ది లేనట్టా? ఈడ నీ పక్కన కూర్చోనుండాది.”

“నెలల పొద్దు గోశాల కోసం తిరిగినా. ఆ ఎద్దును కాల్చింది నా అవ్వే అంటే ఆదోనిలో ఇంకొకరు నాకు కేసిస్తారా?”

“ఇయ్యరేమో. నువ్వు బతుకుతావు, చదువుకున్నదానివి. వాన పడింది, నేల పదును నాలుగు దినాలే ఉంటాది. జత లేకుండా ఆయప్ప దేంతో దున్నల్ల? నీ కోటుతోనా?”

పూలగంప ఆమె పకపకా నవ్వింది. కండక్టరు కూడా నవ్వాడు. నా మనవరాలు కళ్లు తుడుచుకుంది. నాకు నవ్వు రాలేదు. పోలీసులు నా పేరు రాసుకుంటారన్న మాట మరుపు రాలేదు. పైకి ఎంత గట్టిగా మాట్లాడినా నేను జడ్జి ముందు ఎప్పుడూ నిలబడలేదు.

ఇంటికి రాగానే పెట్టె అడుగు నుంచి గరిటె కాడ తీసి దాని ముందు పెట్టాను. అది ఫోన్‌లో ఎద్దు భుజం తెరిచి, పెద్దది చేసి, కాడ కొసను ఆ అరచుట్టు పక్కన పట్టింది. కొక్కెం ఒక పక్క కొంచెం అణిగి చప్పిడిగా ఉంటుంది. మచ్చ కూడా అదే పక్క చప్పిడిగా ఉంది. ఫోన్ బోర్లా పెట్టేసింది.

దాని క్లాసు పుస్తకం చాప మీద తెరిచి ఉంది. నేను కూడబలుక్కుని చదువుతాను. ఆ రోజు రాసుకున్నదాంట్లో ఒక వరుస చదివాను. “తెలిసి... తెలిసి... కోర్టును... తప్పుదారి పట్టించ...”

“చాల్లే అవ్వా. నేనే రాసుకున్నా. నాకు తెలుసు.”

“తెలిస్తే సరి. అన్నానికి లెయ్.”

తినలేదు. పారేయడం ఇష్టం లేక దాని వంతు కూడా నేనే తిన్నాను.

పొద్దున నేను లేచేసరికి అది తల దువ్వుకుని ఫోన్‌లో మాట్లాడుతోంది. అవతల గోశాల ఆయన. ఆయన అరుపులు నాకు కూడా వినిపించాయి. “సరే సార్, మీరు ఇంకొకర్ని పెట్టుకోండి. కానీ ఈ పొద్దు నేనే జడ్జికి చెప్తా,” అని పెట్టేసింది. నా వైపు తిరిగి, “గరిటె తీసుకో, పోదాం పా,” అన్నది. కాడను పాత చీరపేలికలో చుట్టి ఆదోని బస్సెక్కాను.

కోర్టులో ఆ రైతు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే, “గరిటె అవ్వా! యాడికి పోయినావమ్మా? ఎంత తిరిగినా నీ కోసం!” అన్నాడు. బంట్రోతు గమ్మునుండమని కసిరాడు.

పిలుపు రాగానే నా మనవరాలు లేచింది. మచ్చల గురించి తాను రాసింది తప్పని, వాత పెట్టింది తన సొంత అవ్వ అని, తాను ఇంక ఈ కేసులో ఉండనని చెప్పింది.  జడ్జి చిన్న వయసు ఆడమనిషి. నన్ను ముందుకు రమ్మన్నది.

“అమ్మా, ఇది మీరే పెట్టారా?”

“నేనే పెట్టినా.”

“ఎన్నాళ్లయింది?”

“నాలుగేండ్లు దాటింది. అప్పుడు అది ఆరు పండ్ల మీదుండె, లేత వయసు. ఇప్పుడు నోరు తెరిచి చూడండి, ఎనిమిదీ వచ్చింటాయి.”

“మళ్లీ పెడతారా?”

“పెట్టను.”

సర్కారు పశువుల డాక్టరు వెంటనే పోయి చూడాలని, మచ్చలు పాతవని రాసిస్తే జత రైతుకు ఇచ్చేయాలని, అతను ఇంక పశువులను కాల్చనని, అట్లా కుక్కి తోలనని రాసివ్వాలని జడ్జి చెప్పింది. నా పేరు కూడా రాసుకున్నారు. గరిటె కాడ అక్కడే పెట్టమన్నారు, పెట్టాను.

డాక్టరు గోశాలలో ఎద్దును చూసి పండ్లు లెక్కబెట్టి, మచ్చలు ఏళ్ల కిందటివని రాసిచ్చాడు. మధ్యాహ్నం మూడు దాటిన తర్వాత రైతు రెండు తాళ్లు పట్టుకుని జతను గేటు బయటికి తెచ్చాడు. ఈసారి బండి ఎక్కించలేదు, నడిపించుకునే పోతానన్నాడు. ఎడమ ఎద్దు భుజం మీద అరచుట్టు చోట వెంట్రుక మొలవలేదు. నేను అక్కడ చెయ్యి వేయబోయాను. అది చర్మం వణికించి భుజం పక్కకు లాక్కుంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

నా మనవరాలు చూసింది. రైతు మంత్రాలయం దారి పట్టాడు. మేం బస్టాండుకు నడిచాం.