మిగిలిన మందు

ఆ ప్రయోగశాలలో అతన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. పరిశోధన చేసే పిల్లలకి కావలసిన ద్రావణాలన్నీ ఇరవై రెండేళ్ళుగా కలిపి పెడుతున్నది అతనే. డీటీటీ కలిపిన రోజున కుళ్ళిన కోడిగుడ్డు వాసన చొక్కా పట్టుకుని ఇంటిదాకా వస్తుంది. బస్సులో బాబాయ్‌కి రెండు సీట్లు రిజర్వేషనని పిల్లల వేళాకోళం.

ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కట్టకుండా చూసే మందు ఈ డీటీటీ. గాలి తగిలితే మాత్రం దాని సత్తువ పోతుంది. అందుకే చిన్న ట్యూబుల్లో పోసి ఫ్రీజర్లో గడ్డ కట్టించి, ఒక్కో ట్యూబు ఒక్కసారే వాడాలి. 'వాడగా మిగిలింది పారెయ్యాలి' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఫ్రీజర్ తలుపుకి అంటించింది బాబాయే.

నీతులున్నది ఎదుటివాళ్ళకి చెప్పడానికే కాబోలు. సగం మిగిలిన ట్యూబు పారెయ్యడానికి అతని మనసొప్పేది కాదు. మూత బిగించి మళ్ళీ ఫ్రీజర్లో పెట్టేవాడు. సీనియర్లకిస్తే ఊరుకోరు. కొత్తగా చేరిన కళ్ళజోడమ్మాయి ఉందిగా, నేర్చుకునే పిల్లకి ఇది చాల్లే అనుకున్నాడు.

మూడు నెలలు ఆ అమ్మాయి ప్రోటీను ముద్ద కడుతూనే ఉంది. ఒకరోజు ప్రయోగశాల నడిపే మేడమ్ అందరి ముందూ అనేసింది.

"నీకు హస్తవాసి లేదమ్మా. ఈ నెలాఖరుదాకా చూస్తాను. తర్వాత వేరే చోటు చూసుకో."

"ద్రావణాల్లో ఏమైనా తేడా ఉందేమో మేడమ్," అని గొణిగింది అమ్మాయి.

"బాబాయ్ కలిపినవాటికా వంక పెడుతున్నావు?"

మూల నిలబడ్డ బాబాయ్‌కి అప్పుడు తెలిసింది ఆ తేడా ఎక్కడుందో. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉండిపోయాడు.

మర్నాడు తాజాగా కలిపిన డీటీటీ తెచ్చి అమ్మాయి బల్ల మీద పెట్టాడు. వారం తిరక్కుండానే ప్రోటీను చక్కగా విడివిడిగా నిలిచింది. మేడమ్ మురిసిపోయింది. "చూశారా, నాలుగు చీవాట్లు పడితేగానీ పిల్లకి చెయ్యి కుదర్లేదు," అంది.

సాయంత్రం అమ్మాయి అతని దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, ఆ రోజు అందరిలో మీ మందుని అనుమానించాను. తప్పంతా నా చేతిలోనే ఉంది. ఏమనుకోకండి."

బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. కడుగుతున్న సీసా పక్కన పెట్టి, తడి చేతులతోనే చెప్పేశాడు.

"నీ చేతిలో ఏ తప్పూ లేదమ్మా. మిగిలిపోయిన ట్యూబులే నీకు ఇచ్చాను. మూడు నెలలూ."

అమ్మాయి ఫ్రీజర్ తలుపు మీది చీటీ వంక చూసింది.

"అందరికీ అవే ఇచ్చారా?"

"లేదమ్మా. నీకొక్కదానికే. మేడమ్‌కి నేనే చెప్తాను."

ఆమె తలూపి వెళ్ళిపోయింది. అతను ఆ సాయంత్రమే మేడమ్‌కి చెప్పాడు. ఆవిడ "మీరా బాబాయ్?" అంది. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

మర్నాడు పొద్దున్నే ఫ్రీజర్ తెరిస్తే పై అరలో కొత్త డబ్బా ఒకటి కనిపించింది. డీటీటీ ఆ అమ్మాయే సొంతంగా కలుపుకుంది. డబ్బా మీద చీటీ కూడా అంటించింది, గుండ్రటి అక్షరాలతో: 'వాడగా మిగిలింది పారెయ్యాలి.'