వికారాబాద్ డాక్టరు చెప్పిన మాట

నా భార్య అనసూయ కుడిచెయ్యి పాడు కావడానికి కారణం నేను. చాలా ఏళ్లుగా దీన్ని లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. ఆమె బతికి ఉండగా చెప్పలేదు. ఆమె పోయి ఏడాది కావస్తోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

తాండూరులో మాది బట్టల దుకాణం. ఇంట్లో మా అమ్మ, అనసూయ, నేను. కూతురు పెళ్లయి పరిగిలో ఉంది. అమ్మ పక్షవాతంతో మంచాన పడింది కానీ మడి మాత్రం వదల్లేదు. పనిమనిషి ముట్టుకుంటే ఆ పూట తినేది కాదు. ఒళ్లు కడగడం, చీర మార్చడం, పక్కకు తిప్పడం అన్నీ కోడలే చెయ్యాలి. రెండు పూటలా జొన్నరొట్టె కావాలి, అదీ అప్పటికప్పుడు చేత్తో తట్టింది. అనసూయ ఏనాడూ విసుక్కోలేదు అని రాయబోయి ఆగాను. విసుక్కునేది. విసుక్కుంటూనే చేసేది.

మొదట వేళ్లకు తిమ్మిరి వచ్చింది. బొటనవేలు, దాని పక్క రెండు. నిద్రలో లేచి చెయ్యి విదిలించుకునేది. "చిటికెనవేలొక్కటే నా మాట ఇంటున్నది" అని నవ్వేది. తరువాత చేతిలోంచి గ్లాసులు జారడం మొదలైంది. అప్పుడు వికారాబాద్‌లో నరాల డాక్టరుకు చూపించాను.

చేతికి తీగలు పెట్టి పరీక్ష చేశారు. ఆమె ఇంకా పక్క గదిలో ఉండగానే డాక్టరు నన్ను పిలిచాడు. మణికట్టు దగ్గర ఇరుకైన దారి ఉంటుందని, వేళ్లకు వెళ్లే నరం అందులోంచే పోతుందని, అక్కడ అది నలుగుతోందని తన చేతి మీదే చూపించాడు. కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారన్నాడు. రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ వేసుకోవాలి. రొట్టెలు తట్టడం, మనిషిని ఎత్తడం మానాలి. కొన్ని వారాల్లో తగ్గకపోతే చిన్న ఆపరేషన్, ఆ తరువాత కొంతకాలం చేతికి విశ్రాంతి. ఇప్పుడైతే చెయ్యి బాగవుతుందని, ఆలస్యం చేస్తే బొటనవేలి కింది కండ కరిగిపోతుందని, కరిగితే తిరిగి రావడం కష్టమని చెప్పాడు. అర్థం కానిది ఒక్క ముక్క లేదు.

ఆ గది గడప దాటేలోపే నా నిర్ణయం అయిపోయింది. ఆమె చేతికి విశ్రాంతి ఇస్తే అమ్మకు ఎవరు చేస్తారు? నేనే చెయ్యాలి. అమ్మ చీర మార్చాలి. అమ్మ ఒళ్లు కడగాలి. ఆ ఊహకే వెనక్కి తగ్గాను. అది సిగ్గా? భయమా? భయమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అసహ్యం. అమ్మ అంటే అసహ్యం కాదు, ఆ పని అంటే. కానీ ఆ పనిని అనసూయ రోజూ చేస్తూనే ఉంది కదా?

రైల్లో తాండూరు వస్తున్నాం. ఆమె కిటికీ పక్కన కూర్చుని చెయ్యి విదిలిస్తోంది.

"ఏమన్నడు డాక్టరు? చెప్పున్రి."

"ఏమంటడు. రక్తం తక్కువున్నదట."

"గంతేనా? మరి గన్ని తీగలెందుకు పెట్టిండు?"

"చూసుకోవాలె గద."

"నేను ఆపరేషన్ అంటడనుకున్న. గట్లయితే మీరే రొట్టెలు తట్టాలె. మీ రొట్టె చూస్తే అత్తమ్మ మంచం దిగి ఉరుకుతది."

"ఆపరేషన్ లేదు, గీపరేషన్ లేదు. బలానికి గోలీలు రాసిండు."

"సరే తీయున్రి. చెయ్యే పడిపోతదేమోనని పరేషానైన." నా వైపు చూసింది. "మరి మీ మొగమెందుకు గట్లున్నది?"

"ఎండ."

ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. అలా నిశ్చింతగా నిద్రపోవడం చూసి, నేను చెప్పింది ఆమె మంచికేనని కూడా అనుకున్నాను. మనిషి ఎంత త్వరగా అలా అనుకోగలడో.

పట్టీ అయినా కొనవచ్చు. మందుల దుకాణంలో దొరికేదే. కొంటే ఎందుకని అడుగుతుంది. కొనలేదు. రక్తానికి గోలీలు కొన్నాను. ఆమె శ్రద్ధగా మింగేది.

అమ్మ పోయాక ఆపరేషన్ చేయిద్దాం అనుకున్నాను. చూడండి, ఈ మాట ఎంత మామూలుగా వచ్చిందో. అప్పటినుంచి పొద్దున లేవగానే అమ్మ గదిలోకి తొంగిచూసేవాణ్ణి, దుప్పటి కదులుతోందా అని. కదలాలనే చూసేవాణ్ణా? నాకు తెలియదు. తెలియదనడం కూడా అబద్ధం కావచ్చు.

అమ్మ ఇంకో నాలుగేళ్లు బతికింది. ఆ నాలుగేళ్లూ అనసూయ అదే చేత్తో రొట్టెలు తట్టింది, అదే చేత్తో అమ్మను ఎత్తింది. ఒకరోజు అంట్లు తోముతూ వేలి మీద బొబ్బ చూసుకుంది. పెనం ఎప్పుడు తగిలిందో ఆమెకు తెలియలేదు.

అమ్మ కర్మకాండ అయ్యాక ఆమెను హైదరాబాద్ తీసుకెళ్లాను. వికారాబాద్ డాక్టరైతే నన్ను గుర్తుపడతాడు. కొత్త డాక్టరు ఆమె బొటనవేలి కింద నొక్కి చూసి, ఇంతకాలం ఏం చేశారని అడిగాడు. అనసూయే జవాబిచ్చింది. "వికారాబాదుల చూపించినం సార్. రక్తం తక్కువన్నరు." ఆయన నా వైపు చూశాడు. ఆపరేషన్‌కు ఎంతవుతుందని అడిగాను.

ఆపరేషన్ తరువాత నిద్ర పట్టేది. తిమ్మిరి తగ్గింది. బొటనవేలికి మాత్రం పట్టు తిరిగి రాలేదు. జాకెట్టు హుక్కులు నేనే పెట్టేవాణ్ణి, జడ నేనే అల్లేవాణ్ణి. అవేవీ అంత కష్టమైన పనులు కావు. కావని తెలియడానికి నాకు ఆమె చెయ్యి పోవాల్సి వచ్చింది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆమె నా గురించి గొప్పగా చెప్పేది. ఎవరైనా చేతులు తిమ్మిరి అంటే, "వికారాబాద్ డాక్టరు దగ్గరికి మాత్రం పోకున్రి, నా చెయ్యి ఖరాబు చేసిండు" అనేది. నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి. ఎంతమంది ఆమె మాట విని ఆయన దగ్గరికి వెళ్లడం మానేశారో? వాళ్ల చేతులు ఏమయ్యాయో?

నిరుడు అనసూయ గుండె ఆగి చనిపోయింది. భార్యను అంతగా చూసుకున్న మగవాణ్ణి చూడలేదని అంత్యక్రియల్లో చుట్టాలు అన్నారు. తల వంచుకున్నాను. దుఃఖమనుకున్నారు.

మొన్న కూతురు ఫోన్ చేసింది. వాళ్ల పక్కింటావిడకు వేళ్లు మొద్దుబారుతున్నాయట. "నాయినా, అమ్మ చెయ్యి ఖరాబు చేసిన డాక్టరు పేరేంది? ఆమెను అటు పోవద్దని చెప్పాలె" అంది. గుర్తులేదన్నాను. అనసూయ పోయాక కూడా అబద్ధమే వచ్చింది నోటికి.

పేరు గుర్తుంది. ఆయన తప్పేమీ లేదు. జబ్బు ఏమిటో సరిగ్గానే చెప్పాడు, వైద్యమూ సరిగ్గానే చెప్పాడు. నేను దాచాను. ఇది ఎవరికైనా చెప్పడం నాకు ఇదే మొదటిసారి. నా కూతురికి ఇంకా చెప్పలేదు.