ఉలవచేలో దుప్పులు

మొన్న దగ్గు తగ్గక ఎక్స్‌రే తీయించుకోవడానికి వెళ్తే, ఛాతీకి తగిలిన చల్లటి పలకకు ఒళ్లు జలదరించింది. "ఊపిరి బిగపట్టండి" అన్నారు అద్దం వెనకనుంచి ఎవరో. బిగపట్టాను. వదలమన్నాక కూడా వదలబుద్ధి కాలేదు. పైడమ్మత్త గుర్తొచ్చింది.

పైడమ్మత్త టాటానగర్‌లో రైల్వేవాళ్ల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేది. బర్మామైన్స్‌లో మా క్వార్టరుకు రెండిళ్ల అవతల ఒక్కతే ఉండేది. చుట్టం కాదు, మాలాగే శ్రీకాకుళం వైపు మనిషి కాబట్టి అత్త అయిపోయింది. ఫిల్ములు కడగడం చేతిలో ఉన్న విద్యే కనక ఒక పాత కెమెరా కొనుక్కుని, స్నానాలగది కిటికీకి నల్లగుడ్డ కట్టి, తన ఫోటోలు తనే కడుక్కునేది. తొంభైల చివర్లో నేను ఇంటర్ తప్పి అందరి నోళ్లలో నానుతున్న రోజుల్లో, ఆదివారాలు నన్ను మోపెడ్ వెనక ఎక్కించుకుని పోయేది. "ఒక్కర్తినీ ఎల్లలేనొదినా, దీన్ని తోడు పంపు" అని అమ్మను అడిగేది. ఆవిడకు తోడు అక్కర్లేదని అమ్మకీ తెలుసు.

మేం వెళ్లేది సువర్ణరేఖ దాటి, దల్మా కొండల కింద ఒక ఊరికి. పేరు ఇప్పుడూ రాయను. వరి కోశాక అక్కడ ఉలవలు చల్లేవారు. తెల్లారగట్ల దుప్పుల మంద కొండ దిగి ఆ చేలలోకి వచ్చేది. ఒకసారి పంతొమ్మిది లెక్కపెట్టాను. చాటు లేని బయల్లో అన్ని దుప్పులు తలలు వంచుకుని మేస్తుంటే, సంతోషం కంటే ముందు భయం వేసేది. చేను సోమ్రా అనే సంతాల్ రైతుది. పంట పోతున్నా వాటిని అదిలించేవాడు కాదు; ఎందుకని అడిగితే నవ్వేవాడు. మాకు మాత్రం మొదటిరోజే ఒక షరతు పెట్టాడు. "ఫోటో లే లో దీదీ, పర్ గావ్ కా నామ్ కిసీకో మత్ బతానా." ఊరి పేరు బయటికి పొక్కితే వేటకు తుపాకులవాళ్లు జీపుల్లో దిగుతారని అతని బెంగ. "జబాన్ దియా భయ్యా" అని పైడమ్మత్త మాటిచ్చింది.

గట్టు వెనక, మంచుకు తడిసిన మట్టిలో బోర్లా పడుకునేవాళ్లం. పైడమ్మత్త కెమెరా నా చేతికిచ్చి, "ఏటే, జొరమొచ్చినట్టు అలా ఊగిపోతన్నావు? ఊపిరి ఆపు. ఆపీసినావా? ఇప్పుడు నొక్కు" అని చెవిలో గొణిగేది. నొక్కేదాన్ని. ఆ చిన్న చప్పుడుకే అన్ని చెవులూ మావైపు తిరిగేవి. "హిల్ గయా అత్తా" అని నేను ఏడుపుమొహం పెడితే, "ఫోటో కదిలితే కదిలింది. మంద పారిపోనేదు కదా" అనేది.

ఒకరోజు తిరిగొస్తూ టీకొట్టు దగ్గర అడిగాను, ఎక్స్‌రేలో జబ్బు ముందు నీకే కనపడుతుంది కదా, ఏం చేస్తావని.

"ఏటీ సెయ్యను. డాట్రుకి సూపిత్తాను. పేషెంటు నా మొకమే సూత్తంటాడు. మొకంలో కూడా తెలనియ్యకూడదు. తెలిసినవన్నీ సెప్పీడానికి కాదే."

నాకది తలకెక్కలేదు. నా పుట్టినరోజుకు ఆవిడే ఒక రంగుల రీలు కొనిచ్చింది. రంగులది ఇంట్లో కడగడం కుదరదు కనక, దుప్పుల్ని తీశాక సాక్చీ బజారులో ఒక స్టూడియోకి ఇచ్చాను. వారం తర్వాత బుధవారం వెళ్లేసరికి స్టూడియో ఆయన నా దుప్పుల ఫోటోను పెద్దది చేసి, అద్దాల షోకేసులో పెళ్లికూతుళ్ల పక్కన పెట్టేశాడు. ఇంటర్ తప్పిన నా ఫోటో! జనం ఆగి చూస్తున్నారు. ఎవరో పెద్దమనిషి లోపలికి వచ్చి "చిడియాఘర్ మే లియా క్యా బేటీ?" అన్నాడు. జూలో తీసిందనేసరికి నాకు పౌరుషం వచ్చింది. ఊరి పేరు చెప్పాను. చేనుకు వెళ్లే దారి చెప్పాను. తెల్లారకముందే వెళ్లాలని కూడా చెప్పాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ఇల్లు చేరకముందే సోమ్రాకిచ్చిన మాట గుర్తొచ్చింది.

మూడు రోజులు అన్నం సహించలేదు. శనివారం ఆవిడకు చెప్పేశాను. ఆవిడ మొహంలో ఏమీ కనపడలేదు. ఆ మొహం జబ్బు బయటపడిన పేషెంట్లకు చూపించేదని నాకు తెలుసు.

ఆదివారం వెళ్తే ఉలవచేలో అడ్డంగా జీపు చక్రాల చారలు. గట్టు పక్కన ఎండిన నెత్తురు. శుక్రవారం పొద్దున్నే వచ్చారనీ, మూడింటిని కొట్టి తీసుకుపోయారనీ, మిగతావి కొండెక్కి మళ్లీ దిగలేదనీ సోమ్రా చెప్పాడు. చెప్పి, మా ఇద్దరినీ చూసి ఎవరు చెప్పారని అడిగాడు. "కిస్ నే బతాయా దీదీ?"

నేను తల దించుకుని చక్రాల చారలు చూస్తున్నాను.

"మైనే" అంది పైడమ్మత్త. "గలతీ హో గయీ భయ్యా. మైనే బతాయా."

సోమ్రా మమ్మల్ని ఇంక రావద్దన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

నది వంతెన దగ్గర మోపెడ్ ఆపించి ఏడ్చాను. చెప్పింది నేనైతే నువ్వెందుకు ఒప్పుకున్నావని అడిగాను.

"మాటిచ్చింది నాను. నువ్వు కాదు కదా" అంది. "ముక్కు తుడుసుకుని బండెక్కు."

ఆ తర్వాత ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు, ఎత్తిపొడవలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, నాతో ఇంటర్ మళ్లీ రాయించింది. దుప్పుల్ని మాత్రం మళ్లీ తీయలేదు. రిటైరై శ్రీకాకుళం వెళ్లి, కొన్నేళ్లకు అక్కడే పోయింది.

నేనిప్పుడు ఫోటోలు తీసే బతుకుతున్నాను. ఎక్కడ తీశావని ఎవరడిగినా చెప్పను. అది నా మంచితనమని వాళ్లనుకుంటారు. ఆ ఊరి దారి నేను మర్చిపోలేదు. నేనుండేది ఇంకా టాటానగర్‌లోనే, బస్సెక్కితే గంట. సోమ్రా గుమ్మం ముందు నిలబడి, 'నేనే' అని ఒక్క మాట అనాలి. ఇరవై ఏళ్లు దాటినా వెళ్లలేదు. అతను బతికే ఉంటే, మాట తప్పింది పైడమ్మత్తే అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాడు.