ఎడమ చక్రం మీద నల్లపొడి

నా చిన్నప్పుడు మా పక్కింటి మావయ్య తన సొంత టాక్సీ చక్రానికి భయపడేవాడు. నవ్వకండి. మాకు చుట్టమేం కాదు, అయినా మావయ్యే. గుడివాడ టాక్సీ స్టాండులో ఆయన అంబాసిడర్‌కి మంచి పేరుండేది. ప్రతి శుక్రవారం అత్తయ్య కారు కడిగి, నాలుగు చక్రాల మూతలకీ పసుపు రాసి బొట్లు పెట్టేది.

దివిసీమ ఉప్పెన వచ్చి వెళ్ళాక ఒక వింత మొదలైంది. సాయంత్రానికి మూడు చక్రాల బొట్లు చెక్కుచెదరవు. ముందు ఎడమ చక్రం మాత్రం నల్లగా మసి పట్టినట్టయ్యేది. బొట్టు సంగతటుంచి, పసుపు జాడే ఉండేది కాదు. ఎంత తుడిచినా వేళ్ళకి అంటుకునే సన్నటి నల్లపొడి. పైగా బండి ఎడమకి లాగేసేది.

ఎందుకో తనకు తెలుసనుకున్నాడు మావయ్య. నీళ్ళు పూర్తిగా తియ్యకముందే ఆయన అవనిగడ్డ వైపు వెళ్ళాడు. ఆ ఉప్పునీళ్ళలో, బురదలో బండి నడిపి, దొరికినవాళ్ళని దొరికినట్టు ఎక్కించుకున్నాడు. బయల్దేరుతుంటే ఒక ముసలమ్మ ఎడమవైపు మడ్‌గార్డు పట్టుకుని, "నన్ను కూడా ఎక్కించుకో నాయనా" అంది. లోపల కాలు పెట్టే చోటు లేదు. "మళ్ళీ వస్తానమ్మా" అని ఆవిడ వేళ్ళు విడిపించి వచ్చేశాడు. తిరిగి వెళ్ళేసరికి ఆవిడ లేదు. ఎవరినడిగినా తెలీదన్నారు.

ఆ చక్రాన్ని పట్టుకుని వస్తున్నది ఆవిడేనని ఆయన నమ్మకం. నిమ్మకాయలు తొక్కించాడు, గుమ్మడికాయతో దిష్టి తీయించాడు. చివరికి అన్నం సహించక, స్టాండుకు వెళ్ళడమే మానేశాడు. ఇల్లు గడిచేది ఆ బండి మీదే. నాకైతే దాని పక్కనుంచి బడికి వెళ్ళాలంటే ఒళ్ళు జలదరించేది, అమ్మ బాబోయ్!

ఒక మధ్యాహ్నం అత్తయ్య జాకీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఏవండీ, సానరాయి మీద కత్తిపీట నూరితే రాలే పొడిలా ఉందిది. లోపల ఏదో రాసుకుంటోంది. ఎత్తి చూడండి" అంది.

ఇన్నేళ్ళు బండి తోలిన మనిషికి ఆ మాత్రం తెలీదా అంటే, తెలుసు. విప్పడానికే భయం. మిగతా చక్రాలు చేత్తో తిప్పితే గిర్రున తిరిగాయి. అది మాత్రం కదలనని మొరాయించింది. బ్రేకు డ్రమ్ము ఊడదీస్తే లోపలంతా తుప్పు, ఎండిపోయిన దివిసీమ బురద. బ్రేకు వదలకుండా పట్టేసి అరిగిపోతోంది. బురద కడిగి, తుప్పు గీకి, కొత్త బ్రేకు షూలూ స్ప్రింగులూ వేశారు.

మరుసటి శుక్రవారం సాయంత్రం నాలుగు బొట్లూ నిగనిగలాడుతున్నాయి. హమ్మయ్య అనుకున్నాం. మావయ్య మాత్రం ఆ చక్రం ముందు గొంతుక్కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. "అయితే ఆవిడ నాతో రాలేదే... అక్కడే ఉండిపోయిందే" అన్నాడు.

అత్తయ్య ఊరుకోమనలేదు. కుంకుమ తెచ్చి, ఆ చక్రానికి ఉన్న బొట్టు పక్కన ఇంకో బొట్టు పెట్టింది. "ఇది ఆవిడకండీ" అంది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం దానికి రెండు బొట్లే. మావయ్య స్టాండుకు బయల్దేరేముందు ఎడమవైపు ముందు తలుపు తీసి, కాసేపాగి, మెల్లగా వేసేవాడు.

ఇప్పుడు మా కారు చక్రం కాస్త నల్లబడితే ముందు మెకానిక్‌కి చూపిస్తాను. దయ్యమనుకుని బెంగపెట్టుకోను. బాగుచేయించి తెచ్చాక మాత్రం, మనవలు నవ్వినా సరే, ఎడమవైపు ముందు తలుపు తీసి నిలబడతాను. నాలో నేనే "ఎక్కమ్మా" అంటాను.