నెర్రెల రేగడిని కోరుకున్నాను

ఏడో తరగతిలో నేను బడి మానేశాను. బడి కూడా నన్ను వెతుక్కుంటూ రాలేదు కాబట్టి ఇద్దరికీ సరిపోయింది. అన్న చదివి సారు అయ్యాడు, నేను నాగలి వెంట నడిచాను.

బాపు పోయిన మరుసటి ఎండాకాలం, భూమి పంచుకోవడానికి చెన్నూరు దగ్గరి మా చేన్లకు నలుగురు పెద్దమనుషులతో వెళ్లాం. మా దిక్కు పద్ధతి ఒకటే: పెద్దోడు పాళ్లు చేయాలి, చిన్నోడు ముందు కోరుకోవాలి. అన్న రెండు పాళ్లు చేశాడు. రోడ్డు పక్కన ఎర్రచెలక, అందులో కాయలతో వంగిన రెండు మామిడి చెట్లు. దాని వెనక నల్లరేగడి. ఎండకు అది కాలు దిగేంత నెర్రెలిచ్చి ఉంది.

చెలకే చూడముచ్చటగా ఉందని అందరూ అన్నారు. నా భార్య మామిడి నీడలో నిలబడి అదే కోరుకోమని కళ్లతోనే ఆజ్ఞాపించింది. అన్న బిడ్డ చెలకను ఫోన్‌లో పది ఫొటోలు తీసింది, రేగడిని ఒక్కటీ తీయలేదు. తప్పు ఆ పిల్లది కాదు. నెర్రెల నేల ఫొటో పేపర్లో ఎప్పుడు వేస్తారు? కరువు వార్త పక్కన, తల పట్టుకున్న రైతు వెనక.

నాకు తెలిసింది వేరు. బడి మానిన ఏడాది బాపు నా చేతిని మోచేతి దాకా ఒక నెర్రెలో పెట్టించాడు. పైన కాళ్లు కాలుతున్నాయి, లోపల వేళ్లకు చల్లగా తగిలింది. పైమట్టి రాలి ఆ సందుల్లో పడుతుందని, మనకంటే ముందే రేగడి తనను తాను దున్నుకుంటుందని, తొలివాన నేరుగా అడుగుకు దిగుతుందని చెప్పాడు. అప్పటి నుంచి ఎండాకాలంలో నెర్రెలివ్వని రేగడి నాకు మేత ముట్టని ఎద్దులా కనిపిస్తుంది.

వెళ్లి రేగడిలో నిలబడ్డాను. పెద్దమనుషులు నవ్వారు. ఎండ తగిలిందేమో, నీళ్లు తాగించమని ఒకాయన సలహా ఇచ్చాడు. అన్న మాత్రం నవ్వలేదు. నా పాలు నేనే చెడగొట్టుకుంటున్నానని అతని భయం.

“తమ్మీ, జర సోంచాయించు. గా పగుళ్ల భూమిల ఏం చూసినవ్‌రా?”

“సక్కదనం చూసినన్నా. నీకు పుస్తకంల గిది కరువని రాసిచ్చిండ్రు, నువ్వు నమ్మినవ్. నేను చెయ్యి పెట్టి చూసిన.”

“వాన రాకుంటే?”

“రాకుంటే రాకపాయె. మామిడిచెట్టు ఒక ఏడు కాయకుంటే, అది సక్కగ లేదంటవా?”

ఈ ఏడు తొక్కు పచ్చడి మామిడికి బదులు నెర్రెలతోనే పెడతానని నా భార్య చెట్టు కింది నుంచి అందరికీ వినబడేలా అంది.

ఊరికి పోయేలోగా మనసు మార్చుకోవచ్చని అన్న ఇంకో అవకాశం ఇచ్చాడు. నేను పాతడానికి తెచ్చిన హద్దురాయి భుజాన వేసుకుని రేగడి మూలకు నడిచాను. గుంత తవ్వే పనే పడలేదు. ఉన్నవాటిలో పెద్ద నెర్రె చూసి దింపేశాను.