కట్టంగూరుల నా పెద్దమనిషితనం

మొన్న కట్టంగూరుల నా పెద్దమనిషితనం ఎట్ల వెలిగిందో చెప్త, చాయ తాగుకుంట వినుండ్రి.

మన దిక్కు పెద్దమనిషి అన్న మాట ఊకనే రాదు. నెత్తి నెరిస్తే ముసలోడంటరు, భూములుంటే దొర అంటరు. కొట్లాడుకునే రెండు పక్కలోళ్లు ‘గాయన చెప్తే ఇంటం’ అంటేనే పెద్దమనిషి. మా బాపు గసొంటోడు. ఈసారి బాపుకు మోకాళ్లు పట్టుకున్నయి. కట్టంగూరుల ఇద్దరు అన్నదమ్ములు గొర్లు పంచుకునే కాడికి నన్ను రమ్మన్నరు. నలభై నిండకముందే పెద్దమనిషినైన! రుమాలు చుట్టుడు, విప్పుడు, మళ్ల చుట్టుడు.

బాపు ఒక్కటే చెప్పిండు. “పెద్దమనిషి ముందుగాల నోరు తెరవద్దు. అందరు చెప్పినంక మాట్లాడాలె.”

కొత్తగ పడ్డ బస్సు ఎక్కి కట్టంగూరుల దిగిన. రోడ్డు పక్కనే ఒక ఇంటి ముందర మంచాలేసుకొని జనం కూసున్నరు. నన్ను జూసి పెద్దమనిషి వచ్చిండని లేసి నిలబడ్డరు, మంచం మీద కూసోబెట్టిండ్రు. ఇది ఎవరిల్లని అడుగుదామనుకున్న. బాపు మాట యాదికొచ్చి గమ్మునున్న.

ఆ ఇంటి అన్నదమ్ములు బావికాడి మోట వంతు కోసం అరుసుకుంటున్నరు. ముందు బావి, తర్వాత గొర్లేమో అనుకున్న. అరిసి అరిసి ఇద్దరు అలిసిపోయినంక, పొద్దుగాల అన్న, మాపటికి తమ్ముడు మోట కొట్టాలె, పూడిక మాత్రం కలిసి తియ్యాలె అన్న. తమ్ముడు కండ్లల్ల నీళ్లు పెట్టుకొని అన్న చెయ్యి పట్టుకున్నడు. అబ్బ, నా ఛాతీ ఎంత ఉబ్బిందో!

“ఇగ గొర్ల ముచ్చట తియ్యుండ్రి” అన్న.

“గొర్లా? మాకు గొర్లెక్కడియి?” అన్నడు పెద్దోడు.

గప్పుడే కేతేపల్లి నుంచి వాళ్లు పిలిపిచ్చుకున్న అసలు పెద్దమనిషి బస్సు దిగిండు. వాళ్లు ఆయన మొఖం ఎన్నడు చూడలేదట. బాపు పరువు తీసిననని గొర్లోళ్ల ఇంటికి ఉరికిన.

ఆడ అన్నదమ్ములు పక్కపక్కన కూసొని బువ్వ తింటున్నరు. నాకోసం చూసి చూసి ఆకలైందట. తింటనే మాట్లాడుకొని, మంద పంచుకునుడే వద్దనుకున్నరట.

పోయిన ఇంట్ల కలిసిండ్రు, పోని ఇంట్ల గూడ కలిసిండ్రు. బాపుకు గీ యోగం ఎన్నడన్న పట్టిందా?

నిన్న మా వాడకట్టు ఆయన ఒకడు ఇంటికొచ్చిండు. “అన్నా, మా ఇంట్ల పంచాయితీ ఉంది. నువ్వొస్తున్నవని అందరికి చెప్పిన. దండం పెడ్త, రాకు” అన్నడు.

పోతనా మరి? ఇంట్లనే కూసొని ఆ పంచాయితీ తెంపిన.